పేరు తేలని జ్వరం: మేనల్లుడికి ఒక సలహా లేఖ

చిరంజీవి మేనల్లుడికి,

ఏడాదికి పైగా సాయంత్రం వేళల్లో వచ్చిపోతున్న జ్వరానికి ఇంతవరకు కారణం తేలలేదనీ, ఆరోగ్య బీమా లేదు కనుక అప్పు చేసి ఒక ల్యాబు వారి ఫుల్ బాడీ ప్యాకేజీతో పాటు పెట్ స్కాన్ కూడా తీయించుకోదలచాననీ చిరంజీవి కిందటి ఉత్తరంలో రాసిన సంగతి ఇంట్లో అందరినీ కలవరపెట్టింది. చిన్నక్క జబ్బుపడినప్పుడు గుంటూరులో జరిగినదంతా తెలిసినదే కనుక దానిని తిరిగి ప్రస్తావించనవసరం లేదు గాని, అప్పుడు అమ్మిన ఎకరం డబ్బులో అధిక భాగం ఖర్చయింది వైద్యానికి కాదనీ, జబ్బు పేరు తెలియక ముందు జరిగిన తిరుగుడుకనీ గుర్తు చేయడం అవసరం.

బీమా లేదన్న దిగులు చిరంజీవిని కావలసినదానికంటే ఎక్కువగా వేధిస్తున్నట్టు కనిపిస్తున్నది. సాధారణంగా ఆరోగ్య బీమా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సకు వర్తిస్తుంది. కేవలం పరీక్షలు చేయించుకోవడానికే చేరితే ఆ ఖర్చు చెల్లించబోమన్న మినహాయింపు పాలసీలలో ప్రామాణిక నిబంధనగా ఉన్నది. ఇప్పుడు కొత్తగా పాలసీ తీసుకున్నా, ప్రమాదాలకు తప్ప మొదటి 30 రోజులు వర్తించదు, పైగా అంతకుముందే వైద్యం జరుగుతున్న జబ్బులకు 2024 నాటి నియంత్రణ సంస్థ నిబంధనల ప్రకారం 36 నెలల వరకు నిరీక్షణ కాలం విధించే వీలున్నది. జ్వరం సంగతి దాచి పాలసీ కట్టమని స్నేహితుడెవరో చెప్పాడట. అసలు అవసరమైన రోజున పాత చీటీలు బయటపడి క్లెయిము తిరస్కరణకు గురవుతుంది కనుక ఆ మాట వినదగినది కాదు. కార్మిక రాజ్య బీమా, అంటే ఈఎస్ఐ, సాధారణంగా పదిమందీ ఆపైన పనిచేసే సంస్థలలో, నెలకు 21,000 రూపాయల లోపు వేతనం గలవారికి వర్తించేది. చిరంజీవి పనిచేసే చోట ఉన్నది ఆరుగురే. ఇక 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలై, నేడు తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీగా, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం జాబితాలోని చికిత్సలకు డబ్బు చెల్లిస్తుంది. జాబితాలో వెతకాలంటే ముందు జబ్బుకు ఒక పేరుండాలి. కాబట్టి బీమా ఉన్నవారు కూడా పేరు తేలేదాకా చాలావరకు సొంత జేబు మీదనే ఆధారపడవలసి వస్తుంది.

చిరంజీవికి వచ్చినటువంటి స్థితిని వైద్యులు కారణం తెలియని జ్వరం అంటారు. 1961లో పీటర్స్‌డార్ఫ్, బీసన్ అనే అమెరికన్ వైద్యులు దీనికి నిర్వచనం ఇస్తూ, 101 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన వేడి మూడు వారాలకు మించి పలుమార్లు కనిపించి, ఆసుపత్రిలో వారం రోజులు శోధించినా కారణం దొరకకపోతే అది ఈ కోవలోనిదని నిర్ణయించారు. దీనికి కారణాలు ప్రధానంగా మూడు తెగలు: క్షయ వంటి అంటువ్యాధులు, లింఫోమా వంటి క్యాన్సర్లు, శరీర రక్షణ వ్యవస్థ సొంత కణజాలం మీదనే తిరగబడే లూపస్ వంటి వ్యాధులు. భారతదేశంలో వీటిలో క్షయకు, అందునా ఊపిరితిత్తులలో కాక గ్రంథులలోనో పొట్టలోనో దాగిన క్షయకు, పెద్ద స్థానం ఉన్నది. చిరంజీవికి మూడుసార్లు టైఫాయిడ్ తిరగబెట్టిందని చెప్పడానికి ఆధారమైన వైడల్ పరీక్ష 1896 నాటిది. గతంలో సోకిన టైఫాయిడ్ వల్లనో, టీకా వల్లనో, వేరే జ్వరాల వల్లనో కూడా అది పాజిటివ్‌గా రావచ్చు కనుక, రక్తం కల్చర్ చేయకుండా ఆ ఒక్క కాగితంతో ఏడాది గడపడం విచారకరం.

ఇప్పుడు అసలు విషయం, అంటే జ్వరం పుస్తకం. చిరంజీవి ఉత్తరం ఆసాంతం ‘సాయంత్రం ఒళ్లు వెచ్చబడుతుంది’ అని తప్ప ఎక్కడా ఒక్క అంకె లేకపోవడం మామయ్యకు మింగుడుపడలేదు. పంతొమ్మిదో శతాబ్దిలో ఊండర్‌లిష్ అనే జర్మన్ వైద్యుడు సుమారు 25 వేల మంది రోగుల వేడిని కొలిచి, 1868లో గ్రంథంగా ప్రకటించిన తర్వాతనే జ్వరమన్నది దానికదే జబ్బు కాదనీ, జబ్బుకు గుర్తు మాత్రమేననీ వైద్యలోకంలో స్థిరపడింది. అడుగు పొడవుండే ఉష్ణమాపకాన్ని జేబులో పట్టేటట్లు కుదించిన ఘనత ఆల్‌బట్ అనే ఆంగ్ల వైద్యుడిది. ఇంత చరిత్ర ఉన్న పరికరం మందుల దుకాణంలో ఒక భోజనం ధరకు దొరుకుతుండగా, దానిని కొనకుండా పెట్ స్కాన్‌కు అప్పు వెతకడం ఏ లెక్కన సబబో చిరంజీవే చెప్పాలి.

రెండు రూళ్ల నోటుపుస్తకం కొని, మూడు వారాల పాటు ఉదయం ఆరుకు, మధ్యాహ్నం రెండుకు, సాయంత్రం ఆరుకు, రాత్రి పదికి నాలుక కింద వేడి చూసి అంకె రాయాలి. కాఫీ, చల్లని నీళ్లు తాగిన అరగంట వరకు చూడరాదు. పారాసిటమాల్ మింగితే ఆ గడియ, చెమట పట్టి దుప్పటి తడిస్తే ఆ గడియ, కీళ్ల నొప్పి, ఒంటి మీద దద్దు, మెడ దగ్గర బిళ్ల కట్టడం, ఆదివారాల బరువు అన్నీ అందులోనే చేరాలి. వారం పదిరోజులు జ్వరం ఉండి అన్ని రోజులే మాయమైతే ఒక అనుమానం. రోజుకొకసారి ఎగసి, ఆ వేళకే ఒంటిమీద లేత గులాబీ దద్దు కనిపించి జ్వరంతో పాటు మాయమైతే మరొకటి. జ్వరం నడకను బట్టి మాత్రమే జబ్బును నిర్ధారించలేమని నేటి వైద్యులు అనే మాట నిజమే. వారు పుస్తకం చూసి నవ్వినా చిరంజీవి దానిని మడిచి సంచిలో పెట్టుకోరాదు, బల్ల మీదనే ఉంచాలి.

ఈ పట్టుదలకు మూలం మామయ్య గుంటూరులో చదువుకున్న కాలంలో ఉన్నది. గదిలో ఉండే వినుకొండ వైపు కుర్రవాడికి నెలల తరబడి జ్వరం వస్తూ పోతూ ఉండగా, ప్రభుత్వాసుపత్రిలోని ఒక వృద్ధ వైద్యుడు మందు రాయకుండా ముందు వేడి రాసుకు రమ్మన్నాడు. శుభ్రం కోసమని ఆ కుర్రవాడు థర్మామీటరును మరుగునీటిలో ముంచగా అది పగిలి పాదరసం గచ్చు మీద గుండ్లుగా పరుగెత్తింది. గదిలోని ముగ్గురూ దానిని పోస్టుకార్డులతో తోస్తూ గంటసేపు నవ్వుకున్నారు, సినిమాకు దాచిన డబ్బుతో రెండోది కొన్నారు. మెస్సు యజమాని రోజూ అడగకుండానే ఆ కుర్రవాడికి మజ్జిగ పంపేవాడు, అయితే ఆ మజ్జిగలో నీళ్లెన్నో మజ్జిగెంతో అన్నది వేరే చర్చ. క్యాలెండరు కాగితాల వెనుక రాసిన అంకెలలో జ్వరం వారాల తరబడి అలలుగా లేచి తగ్గడం గమనించిన వైద్యుడు ఇంట్లో జీవాలున్నాయా అని అడిగాడు. ఉన్నాయి, ఈతల సమయంలో గొర్రెలకు పురుడు పోసేది ఆ కుర్రవాడే. అది బ్రూసెల్లోసిస్ అని తేలింది. పచ్చిపాల ద్వారా, ఈనిన జీవాల మాయ తాకడం ద్వారా మనిషికి సోకే వ్యాధి అది. చిరంజీవి ఊరికి వచ్చినప్పుడల్లా పితికిన మేకపాలు కాచకుండానే తాగుతాడన్న సంగతి వైద్యుడికి చెప్పకపోతే ఆయనకు తెలిసే మార్గం లేదు; ఆ సూక్ష్మజీవి నెమ్మదిగా పెరుగుతుంది, ల్యాబు సిబ్బందికి కూడా సోకగలదు కనుక అనుమానం ఉంటే ముందే వారికి తెలపాలి.

ఇంత రాసేసరికి అత్తయ్య అడ్డువచ్చి, పిల్లవాడు రాత్రిపూట అన్నం తింటున్నాడో లేదో అడగకుండా ఈ ఉపన్యాసమేమిటని కోప్పడింది. అడిగినట్టే భావించి, తిన్నదేమిటో కూడా రాయవలసింది.

సందులోని ఆర్ఎంపీ దగ్గర ఓపిక కోసం వేయించుకునే ఇంజక్షన్ మాత్రం ఈ రోజుతో ఆగిపోవాలి. అందులో తరచుగా ఉండేది డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్. అది వాపును, జ్వరాన్ని అణచి నాలుగు రోజులు సుఖమనిపిస్తుంది గాని, లింఫోమాను కప్పిపుచ్చి ముక్క పరీక్షను (బయాప్సీని) సైతం తప్పుదోవ పట్టించగలదు, దాగిన క్షయను రగిలించగలదు. ఊరికే మింగే లీవోఫ్లాక్సాసిన్ కూడా క్షయను కొంత అణచి నిర్ధారణను వెనక్కి నెడుతుంది. ఇది కోపంతో రాసినది కాదు. మర్నాడు పనిలోకి వెళ్లకపోతే జీతం కోత పడే మనిషి ఆ సూదికి ఎందుకు చేయి చాపుతాడో ఇంట్లో అందరికీ తెలుసు.

వెళ్లవలసినది స్పెషలిస్టుల దగ్గరికి కాదు, హైదరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రిలోనో ఉస్మానియా ఆసుపత్రిలోనో జనరల్ మెడిసిన్ ఓపీకి. బోధనాసుపత్రులలో వైద్యులు యూనిట్లుగా ఉంటారు, ఒక్కో యూనిట్‌కు వారంలో నిర్ణీతమైన ఓపీ రోజు ఉంటుంది; మొదటిసారి సోమవారం వెళితే మళ్లీ సోమవారమే వెళ్లాలి, లేకపోతే కొత్త వైద్యుడి ముందు కథంతా మొదటికి వస్తుంది. చీటీ మీద యూనిట్ సంఖ్య చూసుకోవాలి. రక్తకణాల లెక్క, ఈఎస్ఆర్, సీఆర్‌పీ, కాలేయం, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే, హెచ్ఐవీ, కల్చర్లు, పొట్ట స్కాన్ అయిన తర్వాత వాటిలో ఏది దారి చూపితే ఆ వైపు వెళ్లడం పద్ధతి. క్షయ పరీక్షలు, మందులు ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితం. నిర్ధారణ అయితే పోషణకు నెలకు 1,000 రూపాయలు కూడా ఇస్తారు. కీళ్లవాత నిపుణుడు అవసరమైతే నిమ్స్‌లో ఆ విభాగం ఉన్నది. పెట్ స్కాన్ శరీరంలో గ్లూకోజును ఎక్కువగా పీల్చుకునే చోట్లను చూపే పరీక్ష. ముక్క ఎక్కడ తీయాలో తెలియనప్పుడు అది విలువైనదే గాని, వైద్యుడు రాసినప్పుడు, చివరి మెట్టుగా.

మూడు వారాల అంకెలు పూర్తయ్యేలోగా బరువు త్వరత్వరగా తగ్గినా, ఆయాసం వచ్చినా, మాట తడబడినా పుస్తకం కోసం ఆగక అత్యవసర విభాగానికి వెళ్లాలి. అప్పు తీసుకోవద్దు, మామయ్య పంపిన డబ్బు పరీక్షలకు, ఆటోకు సరిపోతుంది, తిరిగి ఇస్తానన్న మాట ఉత్తరంలో రాయనవసరం లేదు. ఓపీ వరుసలో తెల్లవారుజామున నిలబడడానికి మామయ్య ఆ మూడు వారాలు ముగిసిన ఆదివారం రాత్రి బండికి బయలుదేరుతాడు. చిరంజీవి స్టేషన్‌కు రానక్కరలేదు, పాత చీటీలన్నీ తేదీల వరుసలో సర్ది ఉంచితే చాలు.

ఆశీస్సులతో,
మామయ్య