చిన్న పెట్టెలో గాలికి దారి

పిల్లలూ! మన పాతకాలపు ఇళ్ళను ఎప్పుడైనా గమనించారా? వీధి గుమ్మానికి ఎదురుగా పెరటి గుమ్మం ఉంటుంది. రెండు తలుపులూ తీస్తే గాలి సూటిగా వచ్చిపోతుంది. ఇల్లు చిన్నదైనా ఉక్కపోయదు. ఒక తలుపు మూశారా, ఎంత పెద్ద ఇల్లయినా ఉడికిపోవలసిందే! కంప్యూటరుకు క్యాబినెట్ ఎంచుకునేటప్పుడు కూడా ఈ సంగతే పనికివస్తుంది.

విడిభాగాలు కొని సొంతంగా కంప్యూటరు కూర్చుకునేవారు బల్లమీద చోటు చాలక చిన్న క్యాబినెట్ కావాలనుకుంటారు. "చిన్న పెట్టె అయితే వేడెక్కిపోదా మాస్టారూ?" అని మా తరగతి పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్నే. జవాబు లెక్కవేసి తెలుసుకుందాం.

వేడి ఎంత? గాలి ఎంత?

శక్తి నశించదని మీరు చదువుకున్నారు గదా! కంప్యూటరు తీసుకున్న విద్యుచ్ఛక్తి దాదాపు అంతా చివరకు ఉష్ణంగా మారుతుంది. ఆటలు ఆడేందుకు వాడే ఒక కంప్యూటరు 300 వాట్లు తీసుకుంటున్నదనుకుందాం. అంటే సెకనుకు 300 జౌళ్ళ ఉష్ణం. దాన్ని గాలి బయటకు మోసుకుపోవాలి.

ఒక లీటరు గాలి ద్రవ్యరాశి సుమారు 1.2 గ్రాములు. దాని ఉష్ణోగ్రత 1 డిగ్రీ పెరగడానికి సుమారు 1.2 జౌళ్ళు కావాలి. గాలి 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కి బయటపడాలంటే ఒక్కొక్క లీటరు 12 జౌళ్ళు మోస్తుంది. 300ని 12తో భాగించండి. 25 వచ్చింది. కనుక సెకనుకు 25 లీటర్ల గాలి లోపలికి రావాలి, అంత గాలీ బయటకు పోవాలి.

ఈ లెక్కలో పెట్టె పరిమాణం ఎక్కడైనా వచ్చిందా? రాలేదు! పెట్టె 20 లీటర్లదైనా, 50 లీటర్లదైనా కావలసింది ఆ 25 లీటర్లే. దారి ఇరుకై గాలి సగానికి తగ్గితే పెరుగుదల 20 డిగ్రీలవుతుంది. ఎండాకాలంలో గది 40 డిగ్రీలుంటే పెట్టెనుంచి వచ్చే గాలి 60 డిగ్రీలన్నమాట! లోపలి ప్రాసెసరు అంతకంటే ఎంతో వేడిగా ఉంటుంది. అది సుమారు 95, 100 డిగ్రీలకు చేరితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది.

నేను చేసిన పొరపాటు

మా బడి ప్రయోగశాలకు కంప్యూటరు కూర్చినప్పుడు, ముందువైపు అద్దం బిగించిన అందమైన క్యాబినెట్‌ను నేనే ఎంచాను. చలికాలంలో బాగానే పనిచేసింది. ఎండలు ముదిరేసరికి నత్తనడక మొదలుపెట్టింది. ఇంకొక ఫ్యాను తగిలించాను. ఫలితం అంతంతమాత్రం. చివరికి ఒక విద్యార్థి ముందున్న అద్దపు పలకను ఊడదీశాడు. కంప్యూటరు మళ్ళీ చురుకుగా నడిచింది! ఫ్యాను గాలిని చల్లబరచదు, కదిలిస్తుంది, అంతే. గాలి వచ్చే దారి లేనప్పుడు ఫ్యాను మాత్రం ఏం చేస్తుంది?

ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

మొదట ముందుభాగం చూడండి. 120 మి.మీ. ఫ్యాను వైశాల్యం సుమారు 113 చదరపు సెం.మీ. పలక మూసి ఉండి, పక్కన 1 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. పొడవు గల సందు మాత్రమే ఉంటే దారి 30 చదరపు సెం.మీ. అంటే సుమారు నాలుగో వంతు! జల్లెడ వంటి జాలీ ఉన్నదే మేలు.

రెండవది, ఫ్యానులకు చోటు. పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరుగుతూనే చిన్న ఫ్యానంత గాలిని తోలగలదు. చప్పుడూ తక్కువ. గాలి ముందునుంచో, పక్కనుంచో వచ్చి వెనుకకో, పైకో పోవాలి. దారికి అడ్డంగా తీగల చిక్కు ఉండకూడదు.

మూడవది, దుమ్ము. గాలి వచ్చేచోట ఊడదీసి కడగడానికి వీలైన వడపోత తెర ఉండాలి. దుమ్ము పట్టిన తెర మూసిన తలుపుతో సమానం సుమా!

నాలుగవది, కొలతలు. మామూలు ఏటీఎక్స్ మదర్‌బోర్డు 30.5 సెం.మీ. పొడవు, 24.4 సెం.మీ. వెడల్పు. మినీ ఐటీఎక్స్ బోర్డు 17 సెం.మీ. చదరం. చిన్న క్యాబినెట్లలో చాలావాటికి ఈ రెండోదే సరిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు పొడవు, ప్రాసెసరు మీది కూలర్ ఎత్తు పట్టే చోటు ఉందో లేదో కొనకముందే చూసుకోవాలి. పట్టకపోతే డబ్బు దండగ.

మీరే చేసి చూడండి

ఒక పలుచని కాగితపు ముక్కను నడుస్తున్న కంప్యూటరు జాలీల దగ్గర, బయటివైపునే పట్టుకోండి. గాలి లోపలికి పోయేచోట కాగితం జాలీకి అతుక్కుంటుంది. బయటకు వచ్చేచోట రెపరెపలాడుతుంది. రెండు చోట్లా కాగితం కదలకపోతే తెర కడగాలేమో, పెట్టెను గోడకు ఆనించి పెట్టారేమో చూడండి.

ఇక ఒక లెక్క. మీ కంప్యూటరు 180 వాట్లు తీసుకుంటూ ఉంటే, గాలి 10 డిగ్రీలకు మించి వేడెక్కకుండా సెకనుకు ఎన్ని లీటర్లు కావాలి? మీరే కట్టి చూడండి.