లోయలో మంచు: చలికాలంలో నారు, కాఫీ జాగ్రత్త

2019 నవంబరు మొదటి వారంలో కాశ్మీరు లోయలో ఆపిల్ చెట్లు ఆకు రాల్చకముందే మంచు కురిసింది. ఆకుల మీద పేరుకున్న తడిమంచు బరువుకు కాపు కొమ్మలు చీలిపోయాయి. మన అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో మంచు అలా కురవదు. కానీ ఇక్కడి లంబసింగికి కొర్రబయలు అన్న పేరు ఊరికే రాలేదు. బయట పడుకున్నవాడు కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు.

పొగమంచునీ, గడ్డి మీద ఉప్పు చల్లినట్టు పట్టే తెల్లమంచునీ మనం మంచనే అంటాం. పైరుకు మాత్రం రెండూ ఒకటి కాదు.

మబ్బూ గాలీ లేకుండా చుక్కలు స్పష్టంగా కనిపించే రాత్రి తెల్లమంచుకు భయపడాలి. చల్లగాలి బరువైనది. నీళ్లలాగే వాలు వెంట దిగి పల్లంలో నిలుస్తుంది. చింతపల్లి దగ్గర ఒక గెడ్డ ఒడ్డున రాజ్‌మా మడి చూశాను. తెల్లారేసరికి గెడ్డవైపు నాలుగు సాళ్లు ఉడకబెట్టిన ఆకులా మెత్తబడి, ఎండెక్కాక నల్లబడ్డాయి. పైన గట్టు పక్క సాళ్లకు మచ్చ కూడా లేదు. కాబట్టి నారుమడి పల్లంలో పోయకండి.

అలాంటి రాత్రి వస్తుందనిపిస్తే పగలే మడికి పలచగా తడి ఇవ్వండి. తడినేల పగటి వేడిని దాచి రాత్రి వదులుతుంది. తెల్లమంచు పట్టకుండా పొగ పెట్టడం మీద నాకంత నమ్మకం లేదు. సాళ్ల మధ్య పరిచిన ఎండుగడ్డి నేలవేడిని పైకి రానివ్వదు. ఆ గడ్డిని తీసి, నారు మీద పందిరిలా కప్పి, పొద్దెక్కాక తొలగించండి. ప్లాస్టిక్ పట్టా అయితే ఆకుకు తగలకూడదు. తెల్లమంచు రోజుల్లో యూరియా జోలికి పోవద్దు, లేత చిగురే ముందు మాడుతుంది. మాడిన కొమ్మల్ని వెంటనే కోయకండి, కొత్త చిగురు ఎక్కడి నుంచి వస్తుందో చూసి కత్తిరించండి.

పొగమంచు రోజుల తరబడి వదలకపోతే తెగుళ్ల బెడద. బంగాళాదుంప, టమాటాలకు ఆకుమాడు తెగులు రాకముందే లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ కలిపి, ఆకు ఆరాక పిచికారీ చేయండి.

ఇక కాఫీ. కడిగిన గింజను మట్టి మీద ఆరబోయకండి. సాయంత్రం ఎండ తగ్గక ముందే కుప్ప చేసి టార్పాలిన్ కప్పండి. పొద్దున పట్టా మీది చెమ్మ గింజ మీదికి జారకుండా ఇద్దరు చెరో అంచూ పట్టుకుని తీయండి.