శీతకాలపు అతిథులు

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు మార్గమున తుర్కయాంజాల్ అను ఊరు కలదు. అచటి మాసబ్ చెరువు దక్కను చెరువులలో నొకటి. ఇట్టి చెరువులకు శీతకాలమున ఉత్తరదేశములనుండి పక్షులు వలస వచ్చును. తలపై రెండు నల్లని చారలుగల పెద్దబాతు మంగోలియా, టిబెటు ప్రాంతములనుండి హిమాలయములను దాటి దక్కనునకు వచ్చును.

వీనిని చూడగోరువారు తెల్లవారకముందే గుంపుగా బయలుదేరుదురు. మట్టిరంగు బట్టలు ధరించి, సూర్యుని వీపువైపున నుంచుకొని, మాటలాడక గట్టుపై నడతురు. మొదట పది పక్షులను లెక్కించి, గుంపులో అట్టి పదులు ఎన్ని యున్నవో అంచనా వేయుదురు. ఒకరి కంటబడనిది మరియొకరి కంటబడును.

ఇది వినోదము మాత్రమే కాదు. సలీం అలీ పండితుడు 1930వ దశకమున హైదరాబాదు సంస్థానమందలి పక్షులను పరిశీలించి వ్రాసినందున, నాడు ఏ పక్షులు ఎచట నుండెనో నేడు మన మెరుగుదుము. 1987లో మన దేశమున ప్రారంభమైన నీటిపక్షుల గణన నేడు ఆసియా దేశములలో ప్రతి జనవరియందును సాగుచున్నది.

చెరువు పూడి యిండ్లస్థలమైనచో, అంతదూరము ఎగిరివచ్చిన పక్షికి దిగుటకు చోటుండదు. ఏటేట లెక్క వ్రాసియుంచినచో తగ్గుదల ముందే తెలియును. తెలిసినచో చెరువును కాపాడుకొనవచ్చును. చెరువు నిలిచినచో పక్షులే కాదు, చుట్టుపట్ల బావులలో నీరును నిలుచును.