అంబాసిడర్‌కి కింద గేరు

ప్రశ్న: మా తాతగారి అంబాసిడర్‌లో గేరు స్టీరింగ్ పక్కన ఉంది. గేరు పడటం కష్టమవుతోంది. కింద గేరుగా మార్పించవచ్చా?

జవాబు: మార్పించవచ్చు, కానీ తొందరపడకండి. చాలాసార్లు కారణం స్టీరింగ్ కాలమ్ అడుగున లింకేజీ బుష్‌లు అరగడమే. ముందు అవి మార్పించి చూడండి. కాలమ్ విప్పాల్సి వస్తే బ్యాటరీ వైరు తీసి, ముందు చక్రాలు తిన్నగా పెట్టి, స్టీరింగ్‌కీ షాఫ్ట్‌కీ కలిపి గుర్తు గీయాలి. స్టీరింగ్ వీల్‌ను పుల్లర్‌తోనే లాగాలి. సుత్తి దగ్గరికి రానివ్వకండి, మన మెకానిక్కులకు అదంటే మహా ప్రీతి!

అంబాసిడర్ 1800 ఇసుజు మోడల్‌లా కింద గేరు కావాలంటే గేర్‌బాక్సే మారుతుంది. ఫ్లోరు కోయాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు సరిచూడాలి. ఖర్చుకు తగ్గ లాభం లేదు. స్టీరింగ్ షాఫ్ట్ కోసి వెల్డింగ్ చేస్తామంటే మాత్రం బండి వెనక్కి తెచ్చేసుకోండి.