కార్బురేటరు: ఇంజను మార్చిన జీపునకు దాని ఎంపికయు, సర్దుబాటును

భౌతికశాస్త్రమున నేర్చిన సూత్రములు పరీక్షతో ముగియునని తలంచు విద్యార్థులు కొందఱు గలరు. అట్టివారికి కార్బురేటరు మంచి గురువు. ద్రవముల మట్టము, వాయుపీడనము, వేగము, సాంద్రత అను నాలుగు పాఠములును ఆ చిన్న లోహపు పరికరమున ఒక్కచోట కూడియున్నవి. నేటి క్రొత్త కార్లలో దీని స్థానమును ఇంధనపు ఇంజెక్షను ఆక్రమించినది. అయినను ఇంట పాత స్కూటరు గల విద్యార్థి దీనిని నేటికిని చూడవచ్చును. పాత జీపులకు పెద్ద ఇంజన్లు అమర్చి కొండదారుల నడుపువారికి దీనితో నిత్యము పనియే. ఇంజను మార్చినపుడు ఎట్టి కార్బురేటరు తగును, దాని నెట్లు సర్దవలయును అను విషయమును ఈ పాఠమున వివరింతును.

1. కార్బురేటరు చేయు పని

పెట్రోలు గాలితో తగుపాళ్లలో కలిసినపుడే ఇంజనులో చక్కగా మండును. తూకమున ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 పాళ్లు గాలి కావలయును. గాలి తక్కువైనచో మిశ్రమము చిక్కనైనదందురు. అపుడు నల్లని పొగ వచ్చును, పెట్రోలు దండుగయగును. గాలి ఎక్కువైనచో పలుచనైనదందురు. అపుడు ఇంజను తడబడును, మితిమీరి వేడెక్కును.

ఈ మిశ్రమము నెట్లు కలుపుట? గాలి పోవు గొట్టమునకు నడుమ సన్నని గొంతు ఉండును. సన్నని చోట గాలి వేగము హెచ్చును, పీడనము తగ్గును. దీని మూలసూత్రమును బెర్నూలీ 1738లో ప్రకటించెను. గొంతు సన్నగిలిన గొట్టములను గూర్చి ఇటలీ దేశీయుడగు వెంచూరి 1797లో వ్రాసెను. ప్రక్కనున్న తొట్టిలోని పెట్రోలుపై వాతావరణ పీడనము పనిచేయుచుండ, గొంతులో పీడనము తక్కువగా నుండును. ఈ భేదమే పెట్రోలును జెట్టు అను సన్నరంధ్రము గుండ త్రోసి తుంపురులుగ చల్లును. తొట్టిలో తేలు ఫ్లోటు, మట్టము పెరిగినపుడు సూదిని నెట్టి పెట్రోలు దారిని మూయును.

2. జీపులో ఇంజను మార్చుట

రెండవ ప్రపంచయుద్ధ కాలపు విల్లీస్ జీపు ఇంజను 134 ఘనపుటంగుళములది, అనగా 2.2 లీటర్లది; దాని బలము 60 అశ్వశక్తులు. దానికి ఒకే గొంతు గల కార్టర్ కార్బురేటరు సరిపోయెను. యుద్ధానంతరము అమెరికాలో జీపులతో కొండలెక్కుట వేడుకయయ్యెను. కాలిఫోర్నియాలోని రూబికాన్ దారిలో 1953లోనే జీపుల సామూహిక యాత్ర జరిగెను. పెద్ద చక్రములు, బరువులు, నిట్రమైన ఎక్కుడులు పాత ఇంజనుకు భారమైనవి. తయారీదారులే 1965లో సీజే-5 జీపునకు 225 ఘనపుటంగుళముల బ్యూయిక్ వీ-6 ఇంజనును, 1972 నుండి 304 ఘనపుటంగుళముల వీ-8 ఇంజనును ఇచ్చిరి. ఔత్సాహికులు షెవర్లే 350, అనగా 5.7 లీటర్ల ఇంజనును అమర్చుట పరిపాటి.

ఇచట గమనింపదగిన దొకటి కలదు. తయారీదారులు ఆ రెండు ఇంజన్లకును ఇచ్చినది రెండు గొంతుల కార్బురేటరే. కాని ఔత్సాహికులు పలువురు, ఇంజను పెద్దది గనుక కార్బురేటరు ఎంత పెద్దదైన అంత మేలని తలంతురు. ఈ తలంపు సరియైనదో కాదో లెక్కవేసి చూతము.

3. ఎంత పెద్దది కావలయును?

నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకమాఱు తన ఘనపరిమాణమంత గాలిని పీల్చును. కావున 5.7 లీటర్ల ఇంజను ఒక చుట్టునకు 2.85 లీటర్లు పీల్చును. నిమిషమునకు 4000 చుట్లు తిరిగినచో 11,400 లీటర్లు. ఇంజను సంపూర్ణముగ నిండదు. నూటికి 80 వంతులు నిండునని కొందము. అపుడు 9,120 లీటర్లు, అనగా సుమారు 322 ఘనపుటడుగులు. అంగళ్లలో 750 ఘనపుటడుగుల అంకె గల నాలుగు గొంతుల కార్బురేటర్లు దొరకును. అవి పందెపు కార్లకు తగినవి. మెల్లగ రాళ్లెక్కు జీపునకు రెండింతలకు పైగా పెద్దవి. గొంతు వెడల్పైనకొలది గాలి వేగము తగ్గును. వేగము తగ్గిన పీడనభేదము తగ్గును. పెట్రోలు తుంపురులు కాక బొట్లుగ రాలును. అందుచే ఇంజను తక్కువ చుట్లలో, అనగా బలము మిక్కిలి అవసరమైనచోటనే, తడబడును.

అంకెలు చదువునపుడు మఱియొక జాగ్రత్త వలయును. నాలుగు గొంతుల వానిని 1.5 అంగుళముల పాదరస పీడనభేదమున కొలుతురు. రెండు గొంతుల వానిని 3 అంగుళముల వద్ద కొలుతురు. ప్రవాహము పీడనభేదపు వర్గమూలము ననుసరించును గనుక, రెండు గొంతుల దాని అంకెను 1.414చే భాగింపవలయును. 500 అంకె గల రెండు గొంతుల కార్బురేటరు నాలుగు గొంతుల కొలతలో సుమారు 354 మాత్రమే. మన లెక్కకు వచ్చిన 322కు ఇది చక్కగ సరిపోవును.

4. వాలుపై కలుగు చిక్కు

పళ్లెములో నీరు పోసి వంచి చూడుడు. నీటిమట్టము వంగదు, పళ్లెమే వంగును. జీపు కొండ నెక్కునపుడు పెట్రోలు తొట్టియు నట్లే. తొట్టి గొంతునకు ముందున్నచో ఎక్కుడున తొట్టి పైకి లేచును, పెట్రోలు గొంతులోనికి పొర్లును. దిగుడున పెట్రోలు అందక ఇంజను ఆకలిగొనును. తొట్టి గొంతునకు ఎంత దగ్గఱనున్న ఈ దోషము అంత తక్కువ.

ఇది కేవలము అసౌకర్యము గాదు. నిట్రమైన వాలుపై ఇంజను ఆగినచో శూన్యపీడనముతో బ్రేకునకు కలుగు సాయము కొన్నిమాఱులు తొక్కుటతోనే తీరిపోవును, స్టీరింగు బరువెక్కును. పొర్లిన పెట్రోలు కాలుచున్న లోహముపై పడిన నిప్పంటుకొనును. కావున పెట్రోలు పంపు పీడనము ఆ కార్బురేటరునకు నిర్ణయించిన మితిలో నుండవలయును. ఫ్లోటు మట్టమును కొలిచి సరిచూడవలయును. తొట్టి గాలిగొట్టముల నుండి పెట్రోలు బయటికి చిమ్మకుండ వానిని పైకి పొడిగింపవలయును.

5. సర్దుబాటు క్రమము

మొదట స్పార్కు ప్లగ్గులు, టైమింగు, గాలి కారు సందులు పరీక్షింపుడు. ఇతర దోషమును కార్బురేటరు మరలతో దిద్దబోవుట వ్యర్థము. పిమ్మట ఈ క్రమమున చేయుడు.

మొదటిది: ఫ్లోటు మట్టము, పెట్రోలు పీడనము సరిచూచుట.

రెండవది: ఇంజనును బాగుగ వేడెక్కనిచ్చి మందవేగమును సర్దుట. మిశ్రమపు మరను మెల్లగ చివరవఱకు బిగించి, సుమారు ఒకటిన్నర చుట్టు వదలుడు. ఇంజనునకు శూన్యపీడన మాపకము తగిలించి, ముల్లు మిక్కిలి హెచ్చుగ, కదలక నిలుచు చోట మరను ఆపుడు. రెండు మరలున్నచో రెండింటిని సమముగ త్రిప్పవలయును.

మూడవది: ప్రధాన జెట్టు. బండిని నడపి ప్లగ్గును తీసి చూడుడు. మసి పట్టిన చిక్కన, తెల్లనైన పలుచన, లేత గోధుమవన్నె యైన సరియైనది. జెట్టును ఒక్కొక్క అంకె మాత్రమే మార్చుడు.

నాలుగవది: తటాలున యాక్సిలరేటరు నొక్కినపుడు తడబాటు కలిగిన త్వరణపు పంపును సర్దుడు.

ఎత్తు ప్రదేశముల సంగతి వేఱు. కొలరాడోలోని ఇమోజీన్ కనుమ 13,114 అడుగుల ఎత్తున నున్నది. అచట గాలి సాంద్రత సముద్రమట్టమున దానిలో సుమారు మూడింట రెండు వంతులే. క్రింద సరిపోయిన జెట్టు అచట మిశ్రమమును చిక్కన చేయును. చిన్న జెట్టు కావలయును.

ఈ పనులను ఆరుబయట చేయవలయును. మూసిన కొట్టములో ఇంజను నడపిన కార్బను మోనాక్సైడు ప్రాణము తీయును. దగ్గఱ నిప్పు ఉండరాదు. మన దేశమున ఇంజను మార్చుటకు 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ననుసరించి రిజిస్టరు చేయు అధికారి అనుమతియు కావలయును.

6. సారాంశము

ఎంపికకు లెక్క ఆధారము, సర్దుబాటునకు క్రమము ఆధారము. పెద్దది గావున మేలను భ్రమ విడిచి, ఇంజను పీల్చు గాలికిని, బండి నడచు నేలకును తగినదానిని కోరవలయును. ఒకమాఱు ఒకే మార్పు చేసి, ఫలితమును పుస్తకమున వ్రాసికొని, పిదప రెండవ మార్పునకు పోవలయును. ప్రయోగశాలలో మీరు నేర్చు పద్ధతియు నిదియే గదా! దీనిని పాటించువాడు కొండ నడుమ ఇంజను ఆగి చిక్కుపడడు.