వేసవి ఎండలు – విద్యుత్తు తీగలు – మన మోటార్లు



రోహిణీకార్తె ఎండలకు రోళ్లు పగులునని పెద్దలు చెప్పుదురు. మన పల్నాటిలోని రెంటచింతల ఎండలకు రాష్ట్రమంతట పేరుపొందినది; నాదెండ్ల ప్రాంతమునకును ఆ వేడిమి తప్పదు. బోర్లక్రింది కూరతోటలకును పశుగ్రాసమునకును నీరు మిక్కిలి కావలసిన ఆ దినములలోనే కరెంటు సన్నగిల్లును, మోటార్లు కాలిపోవును. ఇందుకు ఎవరిదో అశ్రద్ధయే కారణమని పలువురు తలంతురు. అశ్రద్ధ లేనిచోటను ఇట్లు జరుగుటకు హేతువు కలదు.

విద్యుత్తు ప్రవహించునపుడు తీగ వేడెక్కును. ఆ వేడిని చుట్టునున్న గాలి తీసికొనిపోవును. గాలియే కాగియున్నచో వేడి పోవు దారి తగ్గును. ఉక్కునరము గల అల్యూమినియపు తీగను సామాన్యముగా 75 డిగ్రీలకు మించి వేడెక్కనీయరు. గాలి 35 డిగ్రీలున్ననాడు తీగకు 40 డిగ్రీల వెసులుబాటు కలదు. 45 డిగ్రీలున్ననాడు 30 మాత్రమే. కావున మొదటినాడు 100 పాళ్లు మోసిన తీగ రెండవనాడు సుమారు 87 పాళ్లే మోయగలదు.

వేడికి తీగ సాగును. 300 మీటర్ల ఎడముగల రెండు స్తంభములనడుమ తీగ 30 డిగ్రీలు అధికముగా వేడెక్కినచో జానెడైనను సాగదు. గాని నడుమ గజము వరకు క్రిందికి దిగును. 2003 ఆగస్టు 14న అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున బరువెక్కి వ్రేలాడిన తీగలు చెట్లకు తగిలెను. ఆ చిక్కు పెరిగి అమెరికా, కెనడాలలో సుమారు 5 కోట్ల జనులకు విద్యుత్తు లేకుండ చేసెను.

ట్రాన్స్‌ఫార్మరు సంగతియు నిట్టిదే. లోపలి చుట్ల వేడి హద్దు మించి ప్రతి 6 డిగ్రీలు పెరిగినకొలది దాని ఆయుస్సు సగమగును.

మోయు శక్తి తగ్గినవేళనే బరువు పెరుగుట అసలు కష్టము. 2024 మే 30న మన దేశపు విద్యుత్తు వాడుక 2,50,000 మెగావాట్లకు చేరెను. మిట్టమధ్యాహ్నము ఎడ్లకు బరువు తగ్గింతుము. తీగకు మాత్రము పెంచుచున్నాము.

మన చేతిలోనున్న పనులు ఇవి:

1. ఆటో స్టార్టర్ల వలన కరెంటు రాగానే మోటార్లన్నియు ఒక్కుమ్మడి లేచును. లేచునపుడు మోటారు మామూలుకంటె అయిదారు రెట్లు కరెంటు లాగును. ఒకే ట్రాన్స్‌ఫార్మరుక్రింది రైతులు కొన్ని నిమిషముల యెడముతో వంతుల ప్రకారము వేసికొనవలయును.

2. 5 అశ్వశక్తుల మోటారుకు 2 కె.వి.ఏ.ఆర్. కెపాసిటరు అమర్చిన తీగపై బరువు తగ్గును.

3. వోల్టేజి పడిపోయినపుడు మోటారు ఎక్కువ కరెంటు లాగి కాలును. అపుడు ఆపివేయుటయే లాభము.

4. ఫ్యూజునకు బదులు లావు తీగ వేయరాదు. అది ట్రాన్స్‌ఫార్మరుకే చేటు.

5. తీగలక్రింద గడ్డివాములు వేయరాదు. తీగ వ్రేలాడినను, కొమ్మ తగులుచున్నను మీరు ముట్టక లైన్‌మానునకుగాని 1912 నంబరునకుగాని తెలుపుడు.

6. బోదెలలో చెత్త పరచి తేమ నిలిపినచో మోటారు తిరుగు గంటలే తగ్గును.

వంతులు వేసికొన్నను చాలనిచోట ట్రాన్స్‌ఫార్మరే చిన్నదని యెరుంగవలయును. అపుడు మోటార్ల లెక్క వ్రాసి రైతులందరు కలిసి అర్జీ పెట్టుకొనవలయును. ఒక్కరి మొరకంటె పదిమంది చేవ్రాళ్లకు బలమెక్కువ. ఎండలు ముదురకమునుపే, రాబోవు సంఘ సమావేశమున వంతుల పట్టీ వ్రాసికొందురని కోరుచున్నాము.