పోటు పెట్టని రక్తపోటు

తెలుగులో ‘పోటు’ అను మాట చిన్నది. దాని సంసారము పెద్దది. ‘పొడుచు’ అను క్రియనుండి పుట్టినది గనుక కత్తిపోటు, వెన్నుపోటు అన్నప్పుడు అది గ్రుచ్చుట. తలపోటు, పంటిపోటు అన్నప్పుడు బాధ. సముద్రతీరవాసులమైన మనకు మూడవ అర్థము కూడ తెలియును. నీరు ఒడ్డుమీదికి ఎక్కివచ్చుట పోటు, వెనుకకు తీయుట ఆటు. జువ్వలదిన్నె తీరమున పడవ దించు మత్స్యకారునికి ఈ లెక్క ఎవరును నేర్పనక్కరలేదు.

ఆధునిక వైద్యము తెలుగున మాటలాడుట నేర్చినప్పుడు ఈ పదము రెండు రోగముల పేర్లలో వచ్చి కూర్చున్నది. ఒకటి గుండెపోటు, రెండవది రక్తపోటు. మొదటిదానిలోని పోటు బాధను తెలుపును. రెండవదానిలోనిది సముద్రపు పోటు వంటిది. రక్తము నాళముల గోడలపై నెట్టు ఒత్తిడి. మాట ఒకటే అగుటచేత సామాన్యుడు రెండింటిని ఒకే గాటకు కట్టినాడు. “నాకు తలపోటు లేదు, గుండెలో పోటు లేదు, రక్తపోటు మాత్రము ఎక్కడినుండి వచ్చును?” అని అడుగు పెద్దలు మన ఇండ్లలో ఎందరో కలరు. ఉర్దూ భాషలో ఈ చిక్కు లేదు. అక్కడ ఒకటి ‘ఖూన్ కా దబావ్’, మరొకటి ‘దిల్ కా దౌరా’. దబావ్ అనగా ఒత్తిడి మాత్రమే. అందులో నొప్పి ప్రసక్తి లేదు. కాని నేడు ఆ ఇండ్లలోను, ఈ ఇండ్లలోను వినబడు మాట ‘బీపీ’. దానికి కోపము అను అర్థమును మనమే తగిలించినాము. “నాకు బీపీ తెప్పించకు” అనువాడు కోపిష్ఠి. ఇక శాంతస్వభావునికి ఆ జబ్బు రాదని ఊరివారి నిశ్చయము! కోపము వచ్చినప్పుడు ఒత్తిడి కొంతసేపు పెరుగుట నిజమే. కాని పరమశాంతమూర్తికి కూడ అధిక రక్తపోటు ఏండ్ల తరబడి ఉండవచ్చును.

నేను వైద్యుడను కాను, తెలుగు ఉపన్యాసకుడను. అయినను ఒక మాటను తప్పుగా గ్రహించుటచేత ప్రాణములు పోవుచుండగా, ఆ మాటను విప్పి చెప్పుట భాషోపాధ్యాయుని పనియే అని తలచి ఈ వ్యాసమునకు పూనుకొంటిని. చెప్పదలచినది ఒక్కటే. అధిక రక్తపోటు పోటు పెట్టదు. బాధలేదను ధైర్యముతో దానిని కొలిపించుకొననివాడును, బాధ తగ్గినదని మాత్ర మానివేయువాడును ఒకే పొరపాటున పడుచున్నారు.

ఇది పట్టణములలోని ధనికుల జబ్బు అను భావన ఇంకను కొందరిలో ఉన్నది. ఆ భావనను మన తెలుగు పల్లెలే త్రోసిపుచ్చినవి. 2003, 2004 ప్రాంతమున ఉభయగోదావరి జిల్లాలలో 45 గ్రామములను ఎన్నుకొని ‘ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య పరిశోధన’ యను కార్యక్రమమును కొన్ని సంస్థలు కలిసి నడిపినవి. ఆ గ్రామముల జనాభా రమారమి 1,80,000. పన్నెండు నెలలలో సంభవించిన 1354 మరణములను నమోదుచేసి, కార్యకర్తలు చనిపోయినవారి ఇండ్లకు వెళ్ళి, చివరి దినములలో ఏమి జరిగినదని కుటుంబీకులను అడిగి వ్రాసికొన్నారు. ఆ వివరములనుబట్టి వైద్యులు కారణములను నిర్ణయించినారు. ఫలితములు 2006లో వెలువడినవి. నూటికి 32 మరణములు గుండెకు, రక్తనాళములకు సంబంధించినవే! అందులో గుండెజబ్బు, పక్షవాతము దాదాపు సరిసమానము. అంటువ్యాధుల వాటా నూటికి 12 మాత్రమే. వరిచేలలో వంగి పనిచేయు రైతులు, కూలీలు ఉన్న గ్రామములవి. కలరా, మశూచి రోజులలో భయపడవలసినవాటికి భయపడుట నేర్చిన మన పల్లెలు, తరువాతి శత్రువును ఇంకను గుర్తుపట్టలేదని ఈ లెక్క చెప్పుచున్నది. ఆ పిమ్మట 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమంతటను 15 ఏండ్లు పైబడిన స్త్రీలలో నూటికి 21 మంది, పురుషులలో 24 మంది అధిక రక్తపోటు గలవారో, దానికి మందు వాడువారో అని తేలినది.

ఇంతమందిలో ఉన్న జబ్బు కంటికి కనబడకుండుట ఎట్లు? బిట్రగుంటవారికి దీనిని తేలికగా చెప్పవచ్చును. ఇది రైలు ఊరు. ఆవిరి యంత్రముల కాలమున ఇక్కడి లోకోషెడ్డు పేరెన్నికగన్నది. సరకు బండ్లను లాగిన డబ్ల్యూ.జి. తరగతి ఇంజనులో బాయిలరు ఒత్తిడి చదరపు అంగుళమునకు 210 పౌనులు. డ్రైవరు ఎదుట ఒత్తిడిమాపకము ఉండెడిది. దాని ముల్లుమీద అతని దృష్టి ఎప్పుడును ఉండవలసినదే. ఒకవేళ అతడు ఏమరినను బాయిలరుపైన సేఫ్టీ వాల్వు ఉన్నది. ఒత్తిడి హద్దు మీరగానే అది తెరచుకొని ఊరంతయు వినబడునట్లు బుస్సుమని ఆవిరిని వదలెడిది. మానవశరీరమున గుండె ఉన్నది, గొట్టములు ఉన్నవి, ఒత్తిడి ఉన్నది. బుస్సుమను వాల్వు మాత్రము లేదు. ముల్లు చూచుట తప్ప వేరు దారి లేదు.

ఆ ముల్లును కనిపెట్టుటకు మానవజాతికి చాల కాలము పట్టినది. 13వ శతాబ్దమున డమాస్కసులో చదివి కైరోలో వైద్యము చేసిన ఇబ్న్ అల్ నఫీస్, రక్తము గుండె కుడిభాగమునుండి ఊపిరితిత్తులగుండా ఎడమభాగమునకు చేరునని వ్రాసెను. 1628లో ఇంగ్లండున విలియం హార్వే రక్తము శరీరమంతట చుట్టివచ్చుటను నిరూపించెను. 1733లో స్టీఫెన్ హేల్స్ అను మతగురువు గుఱ్ఱపు ధమనికి గాజుగొట్టము అమర్చి, రక్తము ఎనిమిది అడుగులకు పైగా ఎగబ్రాకుట చూచినట్లు ప్రకటించెను. మనుష్యులపై ఆ ప్రయోగము ఎవరు ఒప్పుకొందురు? 1896లో ఇటలీ వైద్యుడు రివారోచి చేతికి గాలిపట్టీ చుట్టి పాదరసముతో కొలుచు ఉపాయము కనిపెట్టెను. 1905లో రష్యను వైద్యుడు కొరొత్కోవ్ ఆ పట్టీ క్రింద స్టెతస్కోపు ఉంచి చప్పుళ్ళు వినుట నేర్పెను. నాడిపై మూడు వ్రేళ్ళుంచి ఎన్నో సంగతులు గ్రహించిన మన వైద్యులకు, నబ్జ్ చూచిన హకీములకు నమస్కారము. అయితే ఒత్తిడి ఇంత అని అంకెలో చెప్పుట వ్రేళ్ళకు సాధ్యము కాదు.

అంకెలు రెండెందుకు? ఇక్కడ మన సముద్రమే అర్థము చెప్పును. గుండె ముడుచుకొని రక్తమును నెట్టినప్పటి పోటు పై అంకె. గుండె విప్పారి విశ్రమించినప్పటి ఆటు క్రింది అంకె. 120/80 అనగా పాదరసము పోటున 120, ఆటున 80 మిల్లీమీటర్లు నిలిచినదని అర్థము. వేరువేరు దినములలో కొలిచినను 140/90 గాని, అంతకు మించి గాని ఉన్నచో అధిక రక్తపోటని వైద్యులు నిర్ణయింతురు. బాయిలరుతో పోల్చిన 120 మిల్లీమీటర్లు రెండున్నర పౌనులు కూడ కాదు. కాని గుండె దినమునకు రమారమి లక్షసార్లు కొట్టుకొనును. ఏడువేల లీటర్ల రక్తమును త్రోయును. కొంచెము అధికమైన ఒత్తిడి లక్షసార్లు, అది ఏండ్ల తరబడి, సున్నితమైన గోడలపై పడినచో మెదడులో, మూత్రపిండములలో, కంటిలో, గుండెలో ఏమగునో ఊహించుకొనవచ్చును. దాదాపు పదిలక్షలమంది వివరములను కలిపి చూచి 2002లో ప్రకటించిన పరిశోధనలో, 40 నుండి 69 ఏండ్లవారియందు పై అంకె 115నుండి 20 చొప్పున పెరిగిన ప్రతిసారి గుండెజబ్బుచేతను, పక్షవాతముచేతను మరణించు అవకాశము రెట్టింపగుచున్నట్లు తేలినది.

కొలుచుటలో కూడ పద్ధతి కలదు. పరుగున వచ్చి, టీ త్రాగి, కబుర్లు చెప్పుచు చేయి చాచినచో వచ్చు అంకెకు విలువ లేదు. అరగంట ముందునుండి టీ, కాఫీ, సిగరెట్టు మానవలెను. మూత్రవిసర్జన చేసి, వీపు ఆనించి, పాదములు నేలకు ఆనించి, ఐదు నిమిషములు మౌనముగా కూర్చుండవలెను. పట్టీని చొక్కాచేతిపైన గాని బురఖాచేతిపైన గాని కాక వట్టిచేతికే చుట్టి, చేతిని గుండె ఎత్తున బల్లపై ఉంచవలెను. ఒకటి రెండు నిమిషముల ఎడముతో రెండుసార్లు చూడవలెను. ఇది శ్రమ కాదు. పది నిమిషముల ఓపిక.

“వయస్సు వచ్చినది, పోటు పెరుగుట సహజమే” అను మాట ముసలివారి విషయమున తరచుగా వినబడును. నూరుకు వయస్సు కలిపినంత ఉండవచ్చునని వైద్యులే ఒకప్పుడు చెప్పెడివారు. వయస్సుతో ధమనులు బిరుసెక్కి పై అంకె పెరుగుట వాస్తవమే. తరచుగా జరుగునది అంతయు నిరపాయము కానక్కరలేదు గదా. 80 ఏండ్లు దాటిన 3845 మందితో అనేక దేశములలో జరిపి 2008లో ప్రకటించిన పరిశోధనలో, మందు పుచ్చుకొన్నవారిలో మరణములు ఐదవవంతు తగ్గినవి. కావున తాతకు ఎనుబది ఏండ్లు వచ్చినవని ఆయన చికిత్సను వదలివేయుట ఆయనపట్ల మర్యాద కాదు. ముసలితనమున మాత్ర వేసికొన్నవారు మంచముపైనుండి దిగ్గున లేవక, కొంచెముసేపు కూర్చుండి లేచుట మంచిది. కొందరికి కండ్లు తిరుగును.

ఇక ఉప్పు. దీనినిగూర్చి మన ప్రాంతమున వ్రాయుట కొంచెము సాహసమే. ఇసకపల్లి ఉప్పుకొఠార్ల ప్రక్కన నివసించుచు ఉప్పు తగ్గించుమనుట గొల్లపల్లెలో పాలు తగ్గించుమనుట వంటిది! అయినను చెప్పక తప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది మనిషికి దినమునకు 5 గ్రాములకు లోపు, చిన్న టీచెంచాడు. అన్నముతో ఆవకాయ, ప్రక్కన అప్పడము, ఊరమిరపకాయ, మధ్యాహ్నము ఎండుచేపల పులుసు, సాయంకాలము దుకాణపు మిక్చరు. ఈ వరుసలో కూరలో వేసిన ఉప్పును ఇంకను లెక్కింపనే లేదు. ముస్లిముల ఇండ్లలో బిర్యానీ, దాల్చా, అచారు వరుస కూడ ఇట్టిదే. కల్లుప్పు మెత్తని ఉప్పుకన్న మేలని కొందరి నమ్మకము. సోడియము రెండింటను ఉన్నది. ఎండుచేపలను వండుటకు ముందు నీటిలో నానవేసి ఆ నీరు పారబోసినచో ఉప్పు కొంత పోవును. మన అవ్వలు రుచికొరకు చేసిన ఈ పని ఆరోగ్యమునకు కూడ సరిపోయినది. మజ్జిగలోను, పెరుగన్నములోను ఉప్పు మానుట పదిహేను దినములలో అలవాటగును. చైనాలో 600 గ్రామములలో రమారమి 21,000 మందితో జరిగిన పరిశోధన 2021లో వెలువడినది. కొంత సోడియమునకు బదులు పొటాషియము కలిపిన ఉప్పు వాడినవారిలో పక్షవాతము నూటికి 14 వంతులు తగ్గినది. మూత్రపిండముల జబ్బు ఉన్నవారికి మాత్రము ఆ ఉప్పు హానికరము కావచ్చును. వైద్యుని అడగకుండ కొనరాదు.

రక్తపోటునకు మందు అనగానే విదేశీ మాత్రయని తలచువారు ఒక సంగతి ఎరుగవలెను. సర్పగంధి వేరు మన దేశపు వైద్యమున చిరకాలముగా వాడుకలో ఉన్నది. యునానీలో దానిని అస్రోల్ అందురు. ఢిల్లీ తిబ్బియా కళాశాలను స్థాపించిన హకీం అజ్మల్ ఖాన్ ప్రోత్సాహముతో రసాయనశాస్త్రవేత్త సలీముజ్జమాన్ సిద్దీఖీ ఆ వేరును పరిశోధించి, 1931లో అందలి సారములను వేరుచేసి, ఒకదానికి అప్పటికే దివంగతుడైన గురువు పేర ‘అజ్మలీన్’ అని నామకరణము చేసెను. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ ఈ వేరు రక్తపోటును తగ్గించుటనుగూర్చి బ్రిటిషు వైద్యపత్రికలో వ్రాయగా లోకము కన్ను తెరచినది. 1952లో స్విట్జర్లండువారు దానినుండి రెసర్పిన్ తీసిరి. మనసు క్రుంగుట వంటి దోషములు కనబడుటచేత నేడు అది వెనుకబడి, అంతకన్న మేలైన చవుక మాత్రలు వచ్చినవి. వేరు దొరికినదని ఎవరికి వారు నూరుకొని త్రాగుట ప్రమాదకరము.

మాత్ర మొదలిడిన నెలకు అంకె దిగును. అక్కడనే చిక్కు. ‘తగ్గినది’ అనగా మాత్ర పనిచేయుచున్నదని. జబ్బు పోయినదని కాదు. రంజాన్ నెలలో మాత్ర మానివేయువారు కొందరు. దినమునకు ఒకమారు వేసికొను మాత్రను చాలమందికి ఇఫ్తారు వేళకో సహరీ వేళకో మార్చవచ్చును. నెలకు ముందే వైద్యుని అడిగిన ఆయన చెప్పును.

పక్షవాతమును ఉర్దూలో ఫాలిజ్ అందురు. పల్లెలలో గాలి సోకినదందురు. మూతి వంకర పోయినను, ఒక చేయి లేవకున్నను, మాట ముద్దగా వచ్చినను మంత్రము కొరకు గాని, నాటుమందు కొరకు గాని ఆగరాదు. గడ్డకట్టిన రక్తమును కరిగించు మందు నాలుగున్నర గంటలలోపే ఇయ్యవలెను. 2005నుండి మన రాష్ట్రమున 108 వాహనము కలదు. గుండెపోటు కూడ ప్రతిసారి పోటుతోనే రాదు. మధుమేహము ఉన్నవారికి, వృద్ధులకు చెమట, ఆయాసము, ‘గ్యాస్’ వంటి ఇబ్బంది మాత్రమే ఉండవచ్చును. ఇక్కడ కూడ మన మాట మనలను మోసగించుచున్నది.

విద్యార్థులారా, మీలో పలువురకు ఇరువది ఏండ్లు నిండలేదు. ఈ వ్యాసము మీ తండ్రులకని మీరు పుట తిప్పవచ్చును. తండ్రులు ఈ పత్రిక చదువరు, మీరే చదువుదురు. నాయననో అబ్బానో, అవ్వనో దాదీనో ఈ సెలవులలో ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపోవు పని మీది. 30 ఏండ్లు దాటినవారికి అక్కడ పరీక్షకు రుసుము లేదు. గుట్కా, సిగరెట్టు సంగతి మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

మాన్యులైన కమిటీ సభ్యులకు ఒక మనవి. చేతిపట్టీతో పనిచేయు రక్తపోటు యంత్రము ఒకటి కొని గ్రంథాలయమున ఒక బల్లపై ఉంచి, ప్రక్కన ఒక నోటుపుస్తకము పెట్టించినచో, తల్లిదండ్రులు ఫీజు కట్టుటకు వచ్చు దినమున ఇద్దరు విద్యార్థులు వారి అంకెలు వ్రాసి చీటీ ఇయ్యగలరు. మణికట్టుకు చుట్టు యంత్రము వలదు. లావుచేతివారికొరకు పెద్దపట్టీ విడిగా కొనవలెను. చిన్నపట్టీ అంకెను ఎక్కువ చూపును. ఏడాదికొకసారి ఆ యంత్రమును ఆసుపత్రి యంత్రముతో సరిచూపించుట అవసరము.